ఎనిమిది మైకులు, రెండు గీతలు

కంప్యూటర్ తెర మీద రెండే గీతలు కదులుతున్నాయి. ఎనిమిది కదలాలి.

"మళ్ళీ అందుకోండి. అందరూ ఒకేసారి," అన్నాడు వినయ్.

ఎనిమిది మంది పిల్లలూ మళ్ళీ అందుకున్నారు. సన్నాయి, డోలు, వయొలిన్, హార్మోనియం, మృదంగం, తాళాలు, పాడేవాళ్ళిద్దరు. ఒక్కొక్కరి ముందు ఒక్కో మైకు. ఎనిమిది మైకుల వైర్లూ బల్ల మీదున్న పెద్ద నల్ల మిషన్‌లోకి వెళ్ళాయి. మిషన్ మీద ఎనిమిది దీపాలూ బుద్ధిగా వెలుగుతున్నాయి. అక్కడి నుంచి కంప్యూటర్‌లోకి వచ్చేసరికి మాత్రం రెండే గీతలు. ఏ గీత విన్నా అదే కలగాపులగం. హార్మోనియం కింద సన్నాయి, సన్నాయి మీద డోలు.

"వైరు లూజేమో సార్," అన్నాడు కంప్యూటర్ ఇన్‌స్ట్రక్టర్ అనిల్ కుమార్.

"ఎనిమిదీ ఒకేసారి లూజవుతాయా?"

"మన స్కూల్లో ఏదైనా అవుద్దండి."

ఎవరూ నవ్వలేదు. గోడ గడియారంలో ఒంటిగంటా నలభై. సాయంత్రం ఐదుకి గడువు.

వినయ్ మిషన్‌ని వెనక్కి తిప్పి, వంగి, దాని వీపు మీది చిన్న అక్షరాలు చదివాడు. ఒకసారి కాదు, రెండుసార్లు చదివాడు. నిటారుగా నిలబడ్డాడు.

"ఇది నేను రాసిచ్చిన వస్తువు కాదు," అన్నాడు.

మలికిపురానికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ హైస్కూల్లో వినయ్ సంగీతం మాస్టారు. పార్ట్‌టైము ఉద్యోగం. వయసు ఇరవైతొమ్మిది. స్కూలు పిల్లలు తక్కువ ఖర్చులో రికార్డింగు చేసుకోవడానికి ఏం కొనాలా అని అతను నెల రోజులు నిద్ర మానుకుని వెతికాడు. కాకినాడలో స్టూడియో నడిపే స్నేహితుణ్ణి రోజూ విసిగించాడు. ఎనిమిది మైకులు పట్టాలి. ఎనిమిదీ కంప్యూటర్‌లో దేనికది విడిగా పడాలి. స్కూల్లోని ముసలి కంప్యూటర్ దాన్ని మోయగలగాలి. ఈ మూడూ కలిసిన వస్తువు చివరికి ఒకటే తేలింది. పుస్తకమంత పెట్టె. ఇంటర్‌ఫేస్ అంటారు. దాని పేరూ నంబరూ కాగితం మీద పెద్దక్షరాలతో రాసి, కింద రెండు గీతలు గీసి మరీ ఇచ్చాడు.

బల్ల మీదున్నది మిక్సర్. పెళ్ళిళ్ళలో మైకుసెట్టు వాళ్ళు వాడేది. ధర ఇంచుమించు ఆ పెట్టెదే. మైకులు ఎన్ని పెట్టినా పెట్టనిస్తుంది. కానీ ఎనిమిది పొలం బోదెల నీళ్ళు ఒక కాలవలో పడ్డట్టు అన్నిటినీ కలిపేసి బయటికి వదుల్తుంది. కలిశాక ఏ నీళ్ళు ఏ బోదెవో విడదీసే మొనగాడు ఇంకా పుట్టలేదు.

మిషన్ వచ్చి పదిహేను రోజులైంది. ఈ పదిహేను రోజుల్లో వినయ్ దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. హెడ్మాస్టరు బుల్లిరాజు గారు దాన్ని గుడ్డ కప్పి తన బీరువాలో పెట్టి తాళం వేశారు. "ప్రారంభోత్సవం అవకుండా ముట్టుకుంటే దాతగారికి ఏం మర్యాదండీ? రిబ్బను కట్టయ్యాక మీ ఇష్టం," అన్నారు. రిబ్బను కత్తిరించాల్సిన పెద్దమనిషికి ఈ రోజు తప్ప ఖాళీ దొరకలేదు. పదకొండింటికి రావాల్సినవాడు పన్నెండున్నరకి వచ్చాడు. పసుపు, కుంకుమ, దండ, ఫొటోలు. ఆ తర్వాత గానీ మిషన్ వినయ్ చేతికి రాలేదు; రాసిచ్చినదానికంటే పెద్దదేమిటా అనుకున్నా, గడువు తొందరలో మైకులు తగిలించేశాడు.

ముందు పలక మీద పసుప్పచ్చ రంగుతో అక్షరాలు మెరుస్తున్నాయి. 'కీ.శే. సత్తిరాజు గారి జ్ఞాపకార్థం, భార్య కనకరత్నం గారి బహూకరణ.' ఆర్టిస్టు కుదురుగా రాశాడు.

"ఇప్పుడెలా సార్?" అంది సత్యశ్రీ.

పదో తరగతి. ఈ గుంపులో సన్నాయి ఈ పిల్లదే. ఈ గడువుతో అసలు పని కూడా ఈ పిల్లకే.

ఒక ట్రస్టు వాళ్ళ సంగీత గురుకులం ఉంది. రాష్ట్రం మొత్తం మీద పదో తరగతి పిల్లల్లోంచి పన్నెండు మందిని తీసుకుంటుంది. ఐదేళ్ళు తిండి, చదువు, గురువు. స్కూలు బృందం అంతా కలిసి వాయించిన ఒకే పాటని, ఒక వీడియో, ఎనిమిది విడి ఫైళ్ళుగా పంపాలి. అక్కడి పెద్దలు ఏడుగురి ఫైళ్ళూ ఆపేసి ఒక్కరినే వింటారు. అలా ఒక్కొక్కరినీ. మళ్ళీ ఏడాది అంటే సత్యశ్రీ పదో తరగతిలో ఉండదు.

ఆ పిల్ల తండ్రి నాగేంద్ర డోలు వాయిస్తాడు. పెళ్ళిళ్ళ మేళం నడుపుతాడు. తన అన్న పోయాక మేళంలో సన్నాయి ఖాళీ అయితే, ఆ పెదనాన్న నేర్పిన విద్యతో ఈ పిల్లే పద్నాలుగేళ్ళకి పీట మీద కూర్చుంది. ఆడపిల్ల సన్నాయి ఊదుతుందంటే చూడ్డానికి జనం వస్తారు. మాఘమాసానికి ఇప్పటికే పద్దెనిమిది పెళ్ళిళ్ళు ఒప్పుకున్నారు. గురుకులం సంగతి చెప్పిన రోజున సత్యశ్రీ వినయ్‌తో ఒకే మాట అంది. "పెళ్ళిలో ఎవరూ వినరండి. నేను ఊదుతుంటే పక్కన జనరేటర్ మోగుద్ది. ఒక్కసారి ఎవరైనా కూర్చుని వింటే బాగుణ్ణండి."

ఇప్పుడా వినడం మూడు గంటల ఇరవై నిమిషాల అవతల ఉంది.

వినయ్ ట్రస్టుకి ఫోన్ చేశాడు. అటు పక్క అమ్మాయి చాలా మర్యాదగా గడువు గడువేనంది. ఒక్కొక్కరినీ విడిగా రికార్డు చేసి అతికిస్తే? వీడియోకి సరిపోలదు, మొదటి నిమిషంలోనే దొరికిపోతారు. బండి తాళాలు తీసుకున్నాడు.

"ఎక్కడికండీ?" అన్నారు బుల్లిరాజు గారు వరండాలో ఎదురై.

"మలికిపురం. సూరిబాబు కొట్టుకి."

"మిషన్ పనిచేయట్లేదా? ఇందాకే కదా మనం కొబ్బరికాయ కొట్టేం!"

వినయ్ బండి తీశాడు.

* * *

సూరిబాబు కొట్టు నిండా స్పీకర్లు. పెళ్ళిళ్ళ సీజను ముందు అన్నీ విప్పి బాగుచేస్తున్నాడు. వినయ్‌ని చూసి స్టూలు జరిపాడు.

"రండి మాస్టారూ. ఓపెనింగు బాగా జరిగిందంటగదండీ. టీ చెప్పనా?"

"నేను రాసిచ్చిన పెట్టె ఏది సూరిబాబు గారూ?"

"ఏ పెట్టండీ?"

"ఇంటర్‌ఫేస్. ఎనిమిది మైకులు ఎనిమిది ట్రాకుల్లో పడేది. కింద రెండు గీతలు కూడా గీశాను."

సూరిబాబు చేతిలోని సోల్డరింగు కడ్డీ పక్కన పెట్టాడు. "అది వచ్చిందండి. ఇదిగో ఈ అరలో వారం రోజులుంది. మీ వాళ్ళే వచ్చి మార్చేరు కదండీ. మీకు తెలీదా?"

"ఎవరు మా వాళ్ళు?"

"స్కూలు తరపునేనండి."

"ముందు అది ఇప్పుడెక్కడుందో చెప్పండి."

"కాకినాడ వాపసు పంపేసేనండి."

రెండుంబావు. కాకినాడ వెళ్ళి రావడానికి ఐదు గంటలు చాలవు. సూరిబాబు తనంతట తానే ఫోన్ అందుకుని అమలాపురంలో ఇద్దరికి, రాజోలులో ఒకరికి చేశాడు. మూడుసార్లూ తల అడ్డంగా ఊపాడు.

"ఈ చుట్టుపక్కల అందరికీ సౌండు కావాలండి. రికార్డింగు ఎవడిక్కావాలి? ఆ వస్తువు నేను తెప్పించడమే మొదటిసారి."

"ఎవరు మార్చారు?"

సూరిబాబు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అవసరం కంటే ఎక్కువసేపు తుడుచుకున్నాడు.

"సుబ్బారాయుడి షష్ఠి మర్నాడండి. వచ్చినాయన మీ పెట్టె చూసి, ఇంత చిన్నదాని మీద సత్తిరాజు గారి పేరు ఎక్కడ పట్టుద్ది, పెద్దది చూపించమన్నారు. అప్పటికే కనకరత్నం గారి చెవిలో కూడా వేసేరు. నేను ఆవిడకి ఫోన్ చేస్తే, 'అవును బాబూ, ఆయన పేరు నలుగురికీ కనపడాలి, పెద్దదే ఇయ్యి' అన్నారు. ఇచ్చేవారే అలాగంటే నేనెవర్నండీ?"

వినయ్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఈ కోనసీమలో బడికి ఫ్యాను ఇచ్చినా మూడు రెక్కల మీదా పేరు రాయిస్తారు. మంచినీళ్ళ గ్లాసు ఇచ్చినా అడుగున రాయిస్తారు. ఆ లెక్కన పుస్తకమంత పెట్టె ఇవ్వడమంటే పోయినాయన్ని అవమానించడమే. పేరు పట్టే చోటు కోసం ఒక పిల్ల ఐదేళ్ళ చదువు పోతోంది.

"తెలియక ఎంత పని చేశారండీ," అన్నాడు.

"తెలీక కాదండి."

ఆ మాట సూరిబాబు నోరు జారింది. వినయ్ తలెత్తాడు.

"ఏమన్నారు?"

"ఏం లేదండి."

"సూరిబాబు గారూ. ఆ పిల్లని మీరూ పెళ్ళిళ్ళలో విన్నారు. చెప్పండి."

సూరిబాబు వీధిలోకి చూసి గొంతు తగ్గించాడు. "ఆయన మిక్సర్ చేత్తో పట్టుకుని నన్నొక మాట అడిగేరండి. 'ఇందులోంచి ఎనిమిదీ విడివిడిగా బయటికొస్తాయా, కలిసిపోయి రెండే వస్తాయా?' అచ్చం ఇలాగే. కలిసిపోయి రెండేనండి, రికార్డింగుకి మాస్టారు రాసిందే కరెక్టు అన్నాను. ఆయన మిక్సర్‌ని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసేరు. తర్వాత, 'అయితే ఇదే ఇచ్చెయ్' అన్నారు."

కొట్టు ముందు నుంచి ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది. వినయ్‌కి వినపడలేదు.

ఆ వచ్చిన మనిషి అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. సరైన జవాబు విన్నాడు. విని, కావాలని తప్పుడు వస్తువు తీసుకున్నాడు.

"పేరు చెప్పండి."

"అదొక్కటీ అడక్కండి మాస్టారూ. ఆయనా నేనూ వారానికి రెండు పెళ్ళిళ్ళలో ఎదురుపడతాం. ఒకే పందిట్లో పక్కపక్కన కూర్చుని తింటాం. రేపు మొహం ఎలా చూసుకుంటామండి?"

"పోలీసులు అడిగితే?"

"ఏమని అడుగుతారండి? పెద్ద మిషన్ ఎందుకిచ్చేవనా?"

వినయ్ బండి వైపు నడిచాడు.

తిరుగు దారిలో కొబ్బరికాయల లోడుతో అంబాజీపేట వెళ్ళే లారీ ఒకటి కాలవ గట్టు మలుపులో దిగబడి రోడ్డు మూసేసింది. పావుగంట అక్కడే పోయింది. ఆ పావుగంటా వినయ్ బుర్రలో ఒకే ప్రశ్న తిరిగింది. మిక్సర్ నుంచి ఎన్ని గీతలు బయటికొస్తాయో అడిగేంత తెలివి స్కూల్లో ఎవరికుంది? పెళ్ళిళ్ళ పందిట్లో సూరిబాబు పక్కన కూర్చుని తినేది ఎవరు?

రెంటికీ ఒకే పేరు తగిలింది. అనిల్ కుమార్. స్కూల్లో కంప్యూటర్లు చెప్తాడు. ఆదివారాలు పెళ్ళిళ్ళలో వీడియోలు తీస్తాడు. మాఘమాసంలో స్కూలు మిక్సర్ చేతిలో ఉంటే, అడిగేవాడు లేకపోతే, వాడికి ఎంత సుఖం!

లారీ కదిలింది. వినయ్ పళ్ళు బిగించి బండి పోనిచ్చాడు.

* * *

స్కూలుకి చేరేసరికి మూడు దాటింది. అనిల్ కుమార్ ఎదురొచ్చాడు. "దొరికిందా సార్?"

వినయ్ వాడి కళ్ళలోకి సూటిగా చూశాడు. "పెట్టె దొరకలేదు," అన్నాడు. మిగతాది ఇప్పుడు కాదు. ముందు రికార్డింగు.

ఉపాయం వయొలిన్ వాయించే యామిని చెప్పింది. "సార్, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ఫోన్ పెట్టి అందరం ఒకేసారి రికార్డు నొక్కితే?"

వినయ్ ఆగిపోయాడు. సన్నాయి మోత అన్ని ఫోన్లలోనూ పడుతుంది. స్టూడియో మనిషి వింటే నవ్వుతాడు. కానీ ఎనిమిది ఫైళ్ళు ఉంటాయి. ట్రస్టు వెబ్‌సైటు తీసుకుంటుంది. అవతల వినే మనిషికి చెవులుంటే, ఆ గందరగోళంలోంచి కూడా ఆ పిల్లని పట్టుకోవచ్చు.

"ఫోన్లు తెండి," అన్నాడు.

బుల్లిరాజు గారిది, అనిల్‌ది, ముగ్గురు టీచర్లవి. భోజనాలు వండే చిట్టెమ్మ తనది కొంగుతో తుడిచి ఇచ్చింది. వినయ్‌ది వీడియోకి కావాలి. అంటే ఆరు ఉన్నాయి, ఇంకా రెండు కావాలి. పక్కింటి కిరాణా కొట్టుకి పరిగెత్తి ఒకటి అడిగి తెచ్చారు. ఇంకొకటి?

"నాది తీసుకోండి మాస్టారూ," అన్నాడు నాగేంద్ర గేటు దగ్గర సైకిలు ఆపి. రికార్డింగు చెడిందని ఎవరో చెప్తే పరిగెత్తుకొచ్చాడట. పేరెంట్స్ కమిటీకి ఛైర్మన్ ఆయనే. "కొత్తదండి. కువైట్ నుంచి మా ఆవిడ పంపింది. సన్నాయి కాడ పెట్టండి, శుభ్రంగా లాగుద్ది."

"మీరు దేవుడిలా వచ్చారండీ," అన్నాడు వినయ్. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

వరండా పొడుగునా పిల్లల్ని దూరం దూరంగా కూర్చోబెట్టారు. ఒక చివర సన్నాయి, ఇంకో చివర పాడేవాళ్ళు. ఆ కూర్చోబెట్టడంలో నాగేంద్రే సాయం చేశాడు. డోలుని గోడకి కాకుండా బయటికి తిప్పించాడు. హార్మోనియం కింద గోనెపట్టా వేయించాడు. ఇరవై ఏళ్ళు మైకుల ముందు కూర్చున్న మనిషి.

"అందరూ ఫోన్లు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో కాల్ వస్తే రికార్డింగు ఆగిపోతుంది."

"అదేంటి బాబూ, నా ఫోనుకి రెక్కల్లేవు," అంది చిట్టెమ్మ.

"ఇలా తే, నేను పెడతాను పిన్నీ," అన్నాడు అనిల్.

"పెట్టేసేనండి," అన్నాడు నాగేంద్ర తన ఫోన్ సన్నాయి ముందు స్టూలు మీద బోర్లించి పెడుతూ.

మూడూ యాభైకి మొదలుపెట్టారు. పాట పన్నెండు నిమిషాలు. పదో నిమిషంలో స్కూలు గంట మోగింది. నాలుగైతే అటెండరు గంట కొడతాడన్న సంగతి ఎనిమిది మంది పిల్లల్లోగానీ ఆరుగురు టీచర్లలోగానీ ఒక్కరికీ గుర్తు రాలేదు.

"మళ్ళీ," అన్నాడు వినయ్. మిగతా పిల్లల్ని బయటికి పంపి, గేటు మూయించి, మళ్ళీ మొదలుపెట్టేసరికి నాలుగూ పన్నెండు.

ఈసారి కుదిరింది. కుదరడం అంటే ఏమిటో ఆ వరండాలో అందరికీ తెలిసింది. మూడో నిమిషానికి తాళం ఎవరూ వెయ్యక్కర్లేకుండా దానంతట అదే పడుతోంది. ఐదో నిమిషంలో మిగతావాళ్ళు తగ్గారు. సత్యశ్రీ ఒక్కతే మోహన రాగంలో పైకి వెళ్ళింది. పెళ్ళి పందిట్లో ఎప్పుడూ వెళ్ళనంత పైకి, తొందర లేకుండా. చిట్టెమ్మ స్తంభానికి ఆనుకుని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. బుల్లిరాజు గారు కళ్ళజోడు తీశారు. నాగేంద్ర నేల వైపు చూస్తున్నాడు. ఎనిమిదో నిమిషం.

ఫోన్ మోగింది.

సన్నాయి ముందున్న ఫోన్. సత్యశ్రీ ఊదడం ఆపలేదు. రెండు క్షణాలు ఆపలేదు. తర్వాత ఆపింది. ఒక్కొక్క వాయిద్యమూ తడబడి ఆగింది.

ఫోన్ తిప్పి చూసింది. తెర మీద వాళ్ళమ్మ మొహం. కువైట్‌లో యజమానుల భోజనాలయ్యాక రోజూ నాలుగూ ఇరవైకి వచ్చే ఫోన్.

"అయ్యో, అయ్యో! పెట్టేననుకున్నానండి," నాగేంద్ర రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఈ కొత్త ఫోన్ల సంగతి మాకేం తెలుసండీ!"

సత్యశ్రీ కాల్ కట్ చేసింది. ఏరోప్లేన్ గుర్తు తనే నొక్కింది. "ఇంకోసారి వాయిద్దాం సార్," అంది.

మూడోసారి అయ్యేసరికి నాలుగూ ముప్పైఆరు. పూర్తయింది గానీ, ఇందాకటిది రాలేదు. పైకి వెళ్ళేచోట ఆ పిల్ల పెదవి అలిసిపోయి స్వరం చీలింది. ఫోన్ల నుంచి ఫైళ్ళు లాగడానికి పది నిమిషాలు. ఒక ఫోన్‌కి కేబుల్ పట్టలేదు. అనిల్ కుమార్ తన నెట్ ఇచ్చాడు. ముందు వీడియో ఎక్కించారు. పచ్చగీత నత్తలా పాకింది. నాలుగూ యాభైమూడు. మొదటి ఫైలు. రెండోది. నెట్ ఆగింది. అనిల్ కంప్యూటర్ వదిలేసి ఫోన్ పట్టుకుని గ్రౌండు మధ్యకి పరిగెత్తాడు. మూడు. నాలుగు. ఐదు.

ఆరో ఫైలు పూర్తయింది. ఏడోది నలభై శాతం.

తెర ఒకసారి తెల్లబడి మళ్ళీ వెలిగింది. ఎర్రటి పట్టీ మీద రెండే మాటలు. గడువు ముగిసింది.

పన్నెండు నిమిషాలు. ఆ ఫోన్ మోగకపోయి ఉంటే ఇంకా పన్నెండు నిమిషాలు మిగిలేవి.

* * *

ముందు నోరు తెరిచింది బుల్లిరాజు గారే.

"వినయ్ గారూ, కొనేముందు మీకు నెల రోజులు టైమిచ్చేం. దాతని నేను బతిమాలి తెచ్చేను. తీరా చూస్తే ఇలా! రేపు కనకరత్నం గారికి నేనేం చెప్పాలి? మీ కంట్రాక్టు రెన్యువల్‌కి సంతకం ఎలా పెట్టమంటారు?"

"మాస్టారినేం అనకండి బాబూ," అన్నాడు నాగేంద్ర. "ఆయన తప్పేముంది? టైము బాలేదు, అంతే."

వినయ్ లేచాడు. "టైము కాదండి. నేను సరైన పెట్టే రాసిచ్చాను. ఆ పెట్టె వచ్చింది. వారం రోజులు సూరిబాబు కొట్లో ఉంది. షష్ఠి మర్నాడు స్కూలు తరపున ఒకాయన వెళ్ళి మార్పించాడు. చిన్నదాని మీద పేరు పట్టదని కనకరత్నం గారిని నమ్మించాడు."

"పేరు కనపడాలనుకోవడం తప్పేం కాదు కదండీ," అన్నారు బుల్లిరాజు గారు.

"ఇంకా ఉందండి. ఆయన సూరిబాబుని ఒక ప్రశ్న అడిగాడు. ఎనిమిదీ విడిగా వస్తాయా, కలిసి రెండే వస్తాయా అని. రెండే అని తెలిశాక, అయితే ఇదే ఇచ్చెయ్ అన్నాడు."

చిట్టెమ్మ "ఓరి దేవుడా" అంది.

"ఎవరండీ ఆ మనిషి?" బుల్లిరాజు గారి గొంతు మారింది.

"సూరిబాబు చెప్పలేదు. వారానికి రెండు పెళ్ళిళ్ళలో ఎదురుపడే మనిషి, మొహం చూసుకోవాలి అన్నాడు." వినయ్ పక్కకి తిరిగాడు. "అనిల్. నువ్వేనా?"

అనిల్ కుమార్ చేతిలో ఇంకా ఆ ఫోన్ ఉంది. గ్రౌండులో పరిగెత్తిన చెమట ఆరలేదు.

"నేనా? సార్, నేనెందుకు చేస్తానండి? నా చెల్లెలు లాంటిది కదండీ ఆ పిల్ల. షష్ఠి మర్నాడు నేను అమలాపురంలో పెళ్ళిలో ఉన్నాను, కావాలంటే వీడియో చూపిస్తాను. తారీఖుతో సహా ఉంటది. నెట్ కోసం ఇంత పరిగెత్తి..." వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు కూడా ఇంతేనా సార్."

"అనిల్ సార్ కాదండి."

అన్నది సత్యశ్రీ. సన్నాయి గుడ్డసంచిలో పెట్టి, తాడు ముడి వేసి, ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తండ్రి ఫోన్ ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉంది.

"షష్ఠికి మేం మేళానికెళ్ళేం. మర్నాడు వస్తూ మలికిపురంలో దిగేం. నన్ను చెరుకురసం బండి దగ్గర కూర్చోబెట్టి, డోలు మైకు బాగుచేయించుకొస్తానని సూరిబాబు గారి కొట్లోకెళ్ళేరు. చాలాసేపు రాలేదు. వచ్చేక, మైకేది అని అడిగేను. రేపిస్తానన్నాడని చెప్పేరు. మా డోలు మైకు బాగానే ఉందని ఇంటికెళ్ళేక చూసేను. ఎందుకు అబద్ధం చెప్పేరో అప్పుడు తెలీలేదండి."

"సత్యా," అన్నాడు నాగేంద్ర. "చీకటి పడద్ది. ఇంటికెళ్దాం పద."

ఆ పిల్ల ఆయన వైపు చూడలేదు. ఫోన్ మీదే చూపు. "అమ్మ నాలుగూ ఇరవైకి చేస్తదని మా ఇంట్లో అందరికీ తెలుసండి. ఏరోప్లేన్ మోడ్ పెట్టడం నాకు నేర్పింది కూడా... మేళంలో ఫోన్ మోగితే తిడతారని..."

"సత్యా! పద్దెనిమిది పెళ్ళిళ్ళు ఒప్పుకున్నానమ్మా. నాలుగు ఇళ్ళు బతకాలి. సన్నాయి లేకుండా డోలు పట్టుకుని నేనెక్కడ కూర్చోనే?"

బుల్లిరాజు గారు ఒక్క అడుగు ముందుకు వేశారు. కళ్ళజోడు పెట్టుకోవడం కూడా మర్చిపోయారు. "ఎవరి గురించి చెప్తున్నావమ్మా? సూటిగా చెప్పు. ఆ కొట్లోకి వెళ్ళిందెవరు? పేరు చెప్పు."

సత్యశ్రీ లేచి నిలబడింది. పెదవి మీద సన్నాయి నొక్కిన గుర్తు ఎర్రగా ఉంది. ఆ పిల్ల ఏడవలేదు. పెళ్ళిలో జనరేటర్ పక్కన ఊదినట్టే, అందరికీ వినపడేలా చెప్పింది.

"మా నాన్నండి. డోలు నాగేంద్ర."